హెడ్‌ఫోన్లోంచి కారిన చప్పుడు

మా వదిన డ్రమ్ములు వాయిస్తుంది. సరదాకి కాదు, అదే ఆవిడ ఉద్యోగం. ఈ మాట చెప్పగానే ఎదుటివాళ్లు నా మొహంలోకి తేరిపార చూస్తారు, వేళాకోళం ఆడుతున్నానేమోనని. ఒకాయనైతే, "ఇంట్లో గిన్నెల మీదా?" అని అడిగి తన జోకుకి తనే నవ్వుకున్నాడు. ఆయనతో నేను మళ్లీ మాట్లాడలేదు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. వదినకి కోపం రాదు, పట్టుదల వస్తుంది. రెండింట్లో ఏది ఎక్కువ ప్రమాదమో ఆవిడతో వ్యానులో కొన్నాళ్లు తిరిగితే తెలుస్తుంది.

వదిన వాయించే బ్యాండుకి నేను వ్యాను నడుపుతాను. నడపడం చిన్న పని. వదిన డ్రమ్ములు మోయడం, బిగించడం, విప్పడం, మళ్లీ మోయడం పెద్ద పని. పాడేవాడు గిటారు ఒకటి భుజాన వేసుకుని ఈల వేసుకుంటూ వస్తాడు. డ్రమ్ములు వాయించే మనిషి వచ్చిందంటే మాత్రం ఒక కాపురం దిగినట్టే. గుండ్రటి పెట్టెలు, పొడుగు పెట్టెలు, ఇనప స్టాండ్లున్న పెట్టె ఒకటి. ఆ ఇనప పెట్టెను కనిపెట్టినవాడు దాన్ని జన్మలో ఎత్తి ఉండడు. కాలితో తొక్కి మోగించే పెద్ద డ్రమ్ములో శబ్దం మరీ గుయ్యిమనకుండా ఒక తలగడ కుక్కి ఉంటుంది. అది మా అన్నయ్య తలగడ. పెళ్లయిన కొత్తలో మాయమైంది. అన్నయ్య చాన్నాళ్లు వెతుక్కుని, చివరికి ఒక ప్రోగ్రాంకి వచ్చి ముందు వరసలో కూర్చున్నప్పుడు దాన్ని గుర్తుపట్టాడు.

ఒకసారి నడుం పట్టేసి వదిన దగ్గర సణిగాను. "రోలు వెళ్లి మద్దెలతో మొరపెట్టుకుందట. నీకు నడుం ఒక్కటే మరిదిగారూ, నాకు రెండు చేతులూ రెండు కాళ్లూ" అంది. మళ్లీ ఆ సంగతి ఎత్తలేదు.

స్నేర్ డ్రమ్ము ఒక్కటి మాత్రం నన్ను ముట్టుకోనివ్వదు. కిందివైపు సన్నటి తీగలు బిగించి ఉండే చిన్న డ్రమ్ము అది. ప్రయాణంలో దాన్ని ఒళ్లో పెట్టుకుని నా పక్క సీట్లో కూర్చుంటుంది. స్టేజి మీద పరిచే ముతక తివాచీ నిండా రంగు రంగుల టేపు ముక్కలుంటాయి. ఏ స్టాండు కాలు ఎక్కడ ఆనాలో వాటిని బట్టి బిగిస్తాను. ఒక బెత్తెడు తేడా వచ్చినా వదిన చెయ్యి అలవాటుగా వెళ్లి గాలిని కొడుతుంది.

ఇక టూరు బతుకు గురించి చాలామందికి భ్రమలున్నాయి. ఎన్ని ఊళ్లు చూశారో కదా అంటారు. ఒక్క ఊరూ చూడలేదు. ప్రతి ఊళ్లోనూ హాలు వెనక గుమ్మంలోంచి వెళ్లి, మళ్లీ ఆ గుమ్మంలోంచే వచ్చేస్తాం. చల్లారిన టీ, తడి ఆరని తువ్వాలు, ఒకరి గురక ఒకరికి. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అంటారు. మాకు పల్లకీ కూడా నేనే మోయాలి. అయినా ఆ వ్యాను వదిలి ఉండమంటే వదిన ఉండలేదు. ఆ మాటకొస్తే నేనూ ఉండలేను.

ఆవిడకి ఈ పిచ్చి పట్టించింది వాళ్ల సొంత అన్న. ఆయన మోజుపడి ఒక పాత సెట్టు కొన్నాడు, వారం తిరక్కుండా మోజు తీరిపోయింది. అమ్మేద్దామని తండ్రి అన్నప్పుడల్లా ఈవిడ "రేపు అమ్ముదురుగాని, ఇవాళ ఉండనీండి" అనేదట. అలా రేపు రేపు అంటూనే నేర్చేసుకుంది. పక్కింటివాళ్లు గోడ మీద కొట్టి గోల చేస్తే, వాళ్లు కొట్టిన దెబ్బల్ని కూడా లెక్కలో కలుపుకుని వాయించేదని అన్నయ్య చెబుతాడు. అన్నయ్యది కుర్చీలూ బల్లలూ చేసే పని. బ్యాండు సాధన చేసే గది తలుపు బిగుసుకుపోతే చిత్రిక పట్టడానికి వెళ్లాడు. అరగంట పనికి నాలుగు రోజులు వెళ్లాడు. ఐదో రోజు వదినే అడిగిందట, "తలుపు బాగయింది కదా, ఇంకా దేనికొస్తున్నట్టు?" అని.

బ్యాండులో మొత్తం ముగ్గురు. పాడుతూ గిటారు వాయించేవాణ్ణి మేం దొర అంటాం. బ్యాండు పెట్టింది అతనే, ఎవరు ఉండాలో ఎవరు పోవాలో తేల్చేదీ అతనే. చెడ్డవాడు కాదు, కాకపోతే అద్దం కనిపిస్తే ఆగిపోతాడు. లోతుగా గుమ్మనే బేస్ గిటారు వాయించేవాడు మౌని. ఆ పేరు ఎందుకొచ్చిందో చెప్పక్కర్లేదు. మూడో మనిషి వదిన. దొర కన్నా, మౌని కన్నా పెద్దది, ఇద్దరికీ అక్క.

కొత్త పాటలు రికార్డు చేసి, అవి విడుదలవగానే పెద్ద టూరుకి బయల్దేరాలని దొర నిర్ణయించాడు. ఊరి చివర ఒక స్టూడియో మాట్లాడాడు. గోడలకి దళసరి స్పాంజి, రెండు గదుల మధ్య పెద్ద అద్దం. అక్కడి రికార్డిస్టు నిదానస్తుడు. ఒక మాటకీ ఇంకో మాటకీ మధ్య టీ తాగేయొచ్చు. మొదటి రోజంతా ఒక్కో డ్రమ్మునీ ఒంటరిగా కొట్టించి, "ఇంకోసారి అమ్మా" అంటూ మైకుల్ని అటూ ఇటూ జరిపాడు. పెద్ద డ్రమ్ములో ఒకటి, స్నేర్ అంచున ఒకటి, వదిన తలకి పైన రెండు. ఆ పై రెండూ దోమ తుమ్మినా పట్టేసే రకం అన్నాడు.

రికార్డింగులో ఒక పద్ధతి ఉంది. ముగ్గురూ ఒకేసారి వాయించరు. ముందు డ్రమ్ములు, తర్వాత దాని మీద బేసు, ఆ తర్వాత గిటారు, చివరికి గొంతు. వేర్వేరు రోజుల్లో వాయించినవన్నీ ఒకదాని మీద ఒకటి అతకాలంటే నడక తప్పకూడదు. అందుకని డ్రమ్మరు చెవుల్లో హెడ్‌ఫోన్స్ పెట్టి, అందులో టిక్ టిక్ టిక్ అని గడియారంలాంటి చప్పుడు వినిపిస్తారు. దాన్ని క్లిక్కు అంటారు. అది వాయించేవాళ్లకి మాత్రమే వినిపిస్తుంది, పాటలో ఉండదు. ఉండకూడదు.

హోరుగా ఉండే పాటలన్నీ చకచకా అయిపోయాయి. ఇక నిదానపు పాట ఒకటి మిగిలింది. అందరికీ ఇష్టమైన పాట అదే. దాని చివర్లో గిటారు ఆగిపోతుంది. దొర గొంతూ, లోపల్లోపల బేసూ, స్నేర్ మీద వదిన బ్రష్షులూ మాత్రం ఉంటాయి. కర్రలకి బదులు సన్నని ఇనప తీగల కుచ్చులతో డ్రమ్ము చర్మాన్ని నిమిరితే వచ్చే చప్పుడు అది. అన్నిటికన్నా ఆఖరున సింబల్‌ని, అంటే ఇత్తడి పళ్లేన్ని, ఒకే ఒక్కసారి తాకుతుంది. అది మోగి మోగి ఆరిపోయేదాకా ఎవరూ కదలకూడదు.

వదిన బ్రహ్మాండంగా వాయించింది. రికార్డిస్టు వెనక్కి తిప్పి విన్నాడు. మొహం చిట్లించాడు. మళ్లీ విన్నాడు. "ఎక్కడో గడియారం ఉన్నట్టుంది" అన్నాడు.

గోడ గడియారం తీసి వరండాలో పెట్టాం. మళ్లీ వాయించింది. మళ్లీ టిక్ టిక్. నా చేతి గడియారం పట్టుకెళ్లి వ్యానులో పెట్టమన్నారు. ఫ్యాను ఆపారు, ఫ్రిజ్జు ఆపారు. దొర మెళ్లో గొలుసు తీయించారు. మౌనిని ఊపిరి పీల్చొద్దన్నంత పని చేశారు. ఆ టిక్కు మాత్రం పోలేదు. చివరికి రికార్డిస్టు లేచి డ్రమ్ముల గదిలోకి నడిచాడు. వదిన నీళ్లు తాగడానికి లేచి, హెడ్‌ఫోన్స్ స్టూలు మీద పెట్టింది. అతను వాటికి బారెడు దూరంలో ఆగిపోయాడు. ఆ దూరానికే టిక్ టిక్ అని స్పష్టంగా వినిపిస్తోంది. తీసి చెవికి ఆనించుకుని, నిప్పు తగిలినట్టు దూరంగా లాగేశాడు.

"ఇంత సౌండు పెట్టుకున్నారేంటమ్మా?"

వదిన నీళ్ల సీసా మూత బిగించింది. "అంత పెట్టకపోతే నాకు వినిపించడం లేదు" అంది, కుండబద్దలు కొట్టినట్టు.

హెడ్‌ఫోన్లోంచి చప్పుడు కారి మైకుల్లో పడటం డ్రమ్మర్లందరూ ఎప్పుడో ఒకప్పుడు చేసే తప్పేనట. హోరు పాటల్లో అది కొట్టుకుపోతుంది, నిదానపు పాటలో దొరికిపోతుంది. కానీ ఆ రోజు దొరికింది తప్పొక్కటే కాదు. నాకు ఒక సంగతి గుర్తొచ్చింది. పూర్వం వదిన కొత్త కర్రలు కొనేటప్పుడు ఒక్కోదాన్నీ బల్ల అంచు మీద తట్టి, చెవి దగ్గర పెట్టుకుని, ఒకే స్వరం పలికేవాటిని జత కలిపేది. కొన్నాళ్లుగా తట్టడం మానేసి, అరచేతుల్లో పెట్టి బరువు చూసుకుంటోంది. అనుభవం అనుకున్నాను.

మర్నాడు దొర మా ఇంటికొచ్చాడు. కూర్చున్నాడు, లేచాడు, కిటికీ దగ్గరికి వెళ్లాడు. ఆఖరికి నోరు విప్పాడు.

"అక్కా, ఈ టూరుకి నువ్వు రెస్టు తీసుకో. ఒక కుర్రాడున్నాడు. బాగానే వాయిస్తాడు. ఈ ఒక్కసారికే."

"ఈ ఒక్కసారి అన్నవాళ్లెవరూ మళ్లీ పిలవరు. నాకు తెలీదా?"

"అది కాదు. స్టేజి మీద నీకు నడక వినిపించకపోతే ముగ్గురం పడతాం."

"ఇన్నేళ్లలో ఎప్పుడైనా పడేశానా?"

"లేదు. అందుకే ఇంటికొచ్చి చెబుతున్నాను. లేకపోతే ఫోన్లో చెప్పేవాణ్ణి."

నాకు ఒళ్లు మండింది. ఏదో అనబోతే వదిన కళ్లతోనే ఆపింది. "ఆ నిదానపు పాట ఇంకా మిగిలే ఉంది కదా. దాన్ని నేనే పూర్తి చేస్తాను. టిక్కు గిక్కు ఏమీ లేకుండా శుభ్రంగా ఇస్తే బండెక్కుతాను. ఇవ్వలేకపోతే ఆ కుర్రాణ్ణి పిలు. వాడికి స్టాండ్లు నేనే సరిచేసి పెడతాను. సరేనా?"

దొర సరేనన్నాడు. మొండివాడు రాజు కన్నా బలవంతుడంటారు. మొండిదాని గురించి చెప్పినవాళ్లు లేరు, బహుశా చెప్పడానికి మిగల్లేదేమో.

చెవుల డాక్టరమ్మ దగ్గరికి అన్నయ్యా నేనూ కూడా వెళ్లాం. వదినని ఒక చిన్న అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకి తగిలించి, చేతికి ఒక మీట ఇచ్చారు. చప్పుడు వినిపించినప్పుడల్లా నొక్కాలి. మేం బయటినుంచి చూస్తున్నాం. మొదట్లో వదిన వేలు గబగబా కదిలింది. తర్వాత ఆగిపోయింది. డాక్టరమ్మ ముందున్న తెర మీద చుక్కలు పడుతూనే ఉన్నాయి, కిందికి, ఇంకా కిందికి. వదిన మాత్రం మీట మీద బొటనవేలు ఉంచుకుని, ఇంకా ఏదో వస్తుందని శ్రద్ధగా ఎదురు చూస్తూ కూర్చుంది. అది చూసి నాకు ఏడుపొచ్చింది. నేను వరండాలోకి వెళ్లిపోయాను.

తిరిగొచ్చేసరికి డాక్టరమ్మ చెబుతోంది. "సన్నటి చప్పుళ్లు, పైస్థాయివి, చాలావరకు పోయాయి. అవి తిరిగి రావు. ఉన్నవి కాపాడుకోవాలి. చెవులకి కొలత ప్రకారం బిరడాలు చేయిస్తాను. అవి లేకుండా డ్రమ్ముల దగ్గర కూర్చోకండి. ఆ హెడ్‌ఫోన్ సౌండు మాత్రం ఇవాళ్టితో ఆపేయండి."

"కింది చప్పుళ్లు?" అని అడిగింది వదిన.

"అవి బాగానే ఉన్నాయి."

"అయితే ఆ టిక్కునే కిందికి దింపుకుందాం" అని చెప్పుల్లో కాళ్లు పెట్టింది.

దార్లో నేను ఆపుకోలేకపోయాను. "వాడికి నువ్వెంత చెప్పినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే వదినా" అన్నాను దొర గురించి. అనేశాక నాలుక కరుచుకున్నాను. వెనక సీట్లో అన్నయ్య కుక్కిన పేనులా అయిపోయాడు. వదిన మాత్రం నవ్వింది. "ఊదు, ఊదు. శంఖానిది కింది శబ్దమే, నాకు బాగా వినిపిస్తుంది" అంది. ఆ రోజంతటికీ మేం నవ్వింది అప్పుడే.

ఆ తర్వాత అన్నయ్య కార్ఖానాలోనే సాధన మొదలైంది. చెక్క పొట్టు మధ్య, సగం చేసిన అలమరల పక్కన డ్రమ్ములు పరిచాం. వాటి మీద రబ్బరు బిళ్లలు వేసి, చెవుల్లో బిరడాలు పెట్టుకుని వాయించేది. డ్రమ్మర్లు కూర్చునే స్టూలు కింద ఒక అదిరే మోటారు బిగించొచ్చని రికార్డిస్టు చెప్పాడు. నడక చెవిలోకి కాకుండా ఒంట్లోకి ఎక్కుతుందట. అన్నయ్య రకరకాల చెక్కలు పెట్టి చూశాడు. ఒక చెక్క మీద అదురు తెలియలేదు. ఇంకోదాని మీద వదిన పళ్లు టకటకలాడాయి. చివరికి మందపాటి చెక్కకి కింద గాడి తీసి, మోటారుని అందులో దించితే సరిగ్గా కుదిరింది.

"ఇన్నాళ్లూ నా మాట నీ చెవికెక్కలేదు. ఇప్పుడు కిందనుంచి చెబుతాను" అన్నాడు అన్నయ్య.

"అక్కణ్ణించి వచ్చేది మాట అవదు" అంది వదిన.

నవ్వులాట ఎంత ఉన్నా పని మాత్రం కఠినంగా సాగింది. ఇన్నేళ్లూ చెవి చెప్పినట్టు విన్న చేతులకి ఇప్పుడు నడుం చెప్పినట్టు వినడం నేర్పాలి. అదురు ఒంట్లోకి చేరి, అక్కణ్ణించి చేతికి వచ్చేలోగా చిటికెలో పదోవంతు ఆలస్యం. ఆ ఆలస్యాన్ని ముందే ఊహించి కొట్టాలి. తప్పితే మళ్లీ మొదటి నుంచి. అన్నయ్య మనుషులు రంపం ఆపి భోజనానికి వెళ్లి వచ్చేసరికి కూడా ఆ నాలుగు దెబ్బల ముక్కే వాయిస్తూ ఉండేది. ఒకరోజు కర్ర విసిరేసి, మొహం తుడుచుకుని, తనే వెళ్లి వెతికి తెచ్చుకుంది. నేను తెచ్చిస్తానంటే, "విసిరింది నేను" అంది.

హోరు పాటలన్నీ పట్టుబడ్డాయి. మౌని వచ్చి పక్కన కూర్చుని అన్నిటికీ బేసు వాయించి, వెళ్లేటప్పుడు వదిన భుజం తట్టాడు. అతని లెక్కలో అది ఉపన్యాసం.

స్టూడియోకి మళ్లీ వెళ్లిన రోజున ఉదయమే అన్నీ బిగించాను. అన్నయ్య స్టూలు ఒళ్లో పెట్టుకుని వచ్చాడు. వదిన నిదానపు పాట ఎత్తుకుంది, హెడ్‌ఫోన్స్ లేవు, టిక్కు లేదు. రికార్డిస్టు విన్నాడు. నిదానంగా అన్నాడు, "టిక్కు లేదమ్మా. కానీ... తేనెటీగ ఉంది."

స్టూలు అదురు తివాచీలోకి, తివాచీలోంచి స్నేర్ కింది తీగల్లోకి పాకి, బ్రష్షుల వెనక జుమ్ జుమ్ అంటోంది. స్టూలు కింద దుప్పటి మడతపెట్టాం. నా కోటు పెట్టాం. అన్నయ్య చొక్కా విప్పబోతే వద్దన్నారు. ఎన్ని పెట్టినా బ్రష్షుల దగ్గరికొచ్చేసరికి ఆ తేనెటీగ ప్రత్యక్షం. మధ్యాహ్నం దాటింది. స్టూడియోలో మా తర్వాత రావలసినవాళ్లు వచ్చి వరండాలో కూర్చున్నారు. దొర గడియారం చూసుకోవడం నేను చూశాను. అతను ఫోను తీసి పట్టుకున్నాడు, ఇంకా చెయ్యలేదు. ఎవరికి చెయ్యాలో అందరికీ తెలుసు.

వదిన లేచి మోటారు తీగ పీకేసింది.

"క్లిక్కు వద్దు. ముగ్గురం ఒకే గదిలో కూర్చుని ఒకేసారి వాయిద్దాం. పాటే పాటని నడుపుతుంది."

"అలాగైతే అందరి చప్పుడూ అందరి మైకుల్లోకీ కారుతుందమ్మా. తర్వాత విడదీయలేను. ఒకరు తప్పితే ముగ్గురూ మళ్లీ మొదటినుంచి" అన్నాడు రికార్డిస్టు.

"పాటలోకి పాట కారితే కారనీండి."

"నడక ఎలా తెలుస్తుంది నీకు?" అన్నాడు దొర. గొంతులో విసుగు లేదు, భయం ఉంది.

వదిన మౌని వైపు తిరిగింది. "నీ బేసు బాక్సు ఇలా లాగు." మౌని తన స్పీకరు పెట్టెని లాక్కొచ్చి వదిన ఎడం కాలి పక్కన పెట్టాడు. ఈ పాటలో ఎడం కాలికి పని లేదు. వదిన బూటు విప్పింది, మేజోడు విప్పింది, ఉత్త పాదాన్ని ఆ పెట్టె మీద ఆనించింది. మౌని ఒక తీగ మీటాడు. వదిన తలూపింది.

"నేను తొందరపడితే తన్ను" అన్నాడు మౌని. అతని గొంతు అంత బొంగురుగా ఉంటుందని రికార్డిస్టుకి అప్పుడే తెలిసింది.

మొదటిసారి దొరే మాట తప్పి పాడాడు. రెండోసారి బాగా నడిచింది గానీ చివర్లో అన్నయ్యకి దగ్గొచ్చింది. ఆయన్ని బయటికి పంపేశాం. మూడోసారి మొదలుపెట్టారు. నేను గది మూల నేల మీద కూర్చున్నాను. బేసు కదిలినప్పుడల్లా వదిన పాదం వేళ్లు ముడుచుకుంటున్నాయి. గిటారు ఆగింది. దొర గొంతు సన్నబడింది. బ్రష్షులు స్నేర్ మీద గుండ్రంగా తిరగడం మొదలుపెట్టాయి, తల్లి నిద్రపోయే పిల్ల వీపు నిమిరినట్టు. ఆ చప్పుడు నాకెప్పుడూ ఇష్టమే. ఆ రోజు భరించలేనంత ఇష్టంగా ఉంది. చివరికి వదిన చెయ్యి ఎత్తి సింబల్‌ని తాకింది. అది మోగి, మోగి, ఆరిపోయింది.

అద్దం అవతల రికార్డిస్టు మొదటినుంచీ చివరిదాకా మళ్లీ విన్నాడు. "టిక్కు లేదు. తేనెటీగ లేదు. ఇది చాలు" అన్నాడు.

దొర ఫోను జేబులో పెట్టేసుకున్నాడు. వచ్చి వదిన రెండు చేతులూ పట్టుకున్నాడు. "బండెక్కు అక్కా."

నేను లేచి పెట్టెలు సర్దబోతున్నాను. వదిన చేతులు విడిపించుకుంది. "ఆగు. ఒక మాట విని అప్పుడు పిలు."

అందరం ఆగాం. బూటు తొడుక్కోకుండా అలాగే ఒంటికాలి మేజోడుతో నిలబడి చెప్పింది.

"ఇప్పుడు మీరంతా విన్న బ్రష్షు నేను వినలేదు. చాలా కాలంగా నాకది వినిపించడం లేదు. ఆ సింబలు కూడా అంతే, తాకడం తెలుస్తుంది, మోగడం తెలీదు. డాక్టరమ్మ చెబితే తెలిసింది కాదు, అంతకు ముందే తెలుసు. మా ఆయనకి కూడా చెప్పలేదు."

గుమ్మంలో నిలబడ్డ అన్నయ్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"మరి ఎలా వాయించావు?" అన్నాడు దొర.

"తీగలు చర్మం మీద పాకుతుంటే చేతికి తెలుస్తుంది. మిగతాది జ్ఞాపకం. కానీ రేపు స్టేజి మీద ఒక తీగ విరిగి గీరుకుపోతున్నా నాకు తెలీదు. సింబలు పగిలి రేకులా మోగినా తెలీదు. నీ పాట పాడవుతుంది, నేను హాయిగా కొట్టుకుంటూ పోతాను. ఇది దాచి బండెక్కితే మోసం. ఇప్పుడు చెప్పు, ఎక్కనా, వద్దా?"

నాకు వదిన మీద పట్టరాని కోపం వచ్చింది. గెలిచిన ఆటని తీసుకెళ్లి అవతలివాడి చేతిలో పెట్టడం ఏమిటి. ఎవరికీ తెలియని సంగతి, ఎవరూ అడగని సంగతి. నోరు మూసుకుని ఉంటే సరిపోయేది.

దొర ఆ పాట ఇంకొకసారి వేయమన్నాడు. గోడకి ఆనుకుని, కళ్లు మూసుకుని మొత్తం విన్నాడు.

"తీగ విరిగితే నేను చెబుతాను" అన్నాడు చివరికి.

"నువ్వు జనం వైపు తిరిగి పాడతావు. నీ వీపు ఏం చెబుతుంది నాకు?"

"ఆ పాటకి నీ వైపు తిరుగుతాను. నా మొహం చూసి వాయించు."

అద్దం కనిపిస్తే ఆగిపోయే మనిషి అన్న మాట అది. ఆ పాటకే జనం లేచి నిలబడతారు, ఆ పాటకే దీపాలన్నీ అతని మీద పడతాయి. నేను అతని గురించి అంతకు ముందు అన్నవాటిలో సగం ఆ క్షణంలోనే వెనక్కి తీసుకున్నాను. మిగతా సగం ఇంకా నా దగ్గరే ఉంది, ఎందుకంటే వ్యానులో ముందు సీటు కోసం ఇప్పటికీ పేచీ పెడతాడు.

టూరు మొదటి ఊరి హాలు పెద్దది, నిండింది. హోరు పాటలన్నీ అన్నయ్య స్టూలు మీద సాఫీగా నడిచాయి. నిదానపు పాట వచ్చేసరికి మౌని తన బాక్సు జరిపాడు, వదిన బూటు విప్పింది. దొర మైకు స్టాండుని పక్కకి తిప్పి, జనానికి చెంప మాత్రం కనిపించేలా నిలబడ్డాడు. ముందు వరసలో ఎవరో గొణిగారు. తర్వాత గొణుగుడు ఆగిపోయింది.

నేను తెర పక్కన నిలబడి ఉన్నాను. బ్రష్షులు ఆగాయి. వదిన సింబల్‌ని తాకి, చెయ్యి గాల్లోనే ఉంచి, దొర మొహం వైపు చూసింది. ఆ మోత తనకి అందదు. అది ఇంకా ఉందా, పోయిందా అని అతని మొహంలో వెతుక్కుంటోంది. దొర కళ్లు ఆ పళ్లెం మీదే ఉన్నాయి. హాలంతా ఊపిరి బిగబట్టింది. మోత సన్నబడి, దారప్పోగంత అయి, పోయింది. దొర తల వంచాడు. అప్పుడు వదిన చెయ్యి దించింది.

చప్పట్లు మొదలయ్యాయి. అవి ఆవిడకి ఎలా వినిపిస్తాయో నేను అడగలేదు.

జనం వెళ్లిపోయాక స్టాండ్లు విప్పుతున్నాను. వదిన స్నేర్ పెట్టెలో పెట్టి మూత బిగించి, నా దగ్గరికొచ్చింది.

"చివర్లో అది ఎంతసేపు మోగింది?"

ఎంతసేపని చెప్పను. "చాలాసేపు వదినా. నాకు ఊపిరి ఆగక వదిలేశాను, అప్పటికీ మోగుతూనే ఉంది."

ఆవిడ కుడి చెయ్యి ఎత్తి, అక్కడ లేని సింబల్‌ని గాల్లో ఒకసారి తాకి చూసుకుంది. మళ్లీ ఇంకోసారి, ఇంకా మెల్లగా.

"ఐతే కొంచెం గట్టిగా పడింది. రేపు ఇంకాస్త నెమ్మదిగా తాకుతాను" అంది.